ఇంట్లో మనిషి లేని క్రిస్మస్

మాది కొత్తకోట. నాన్న పోయాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి మా ఇంటి మీద స్టార్ కట్టలేదు. ప్రతి ఏడూ కట్టేది ఆయనే. క్యారల్స్ వాళ్ళొస్తే అమ్మ తలుపు తియ్యలేదు. "విశ్వాసులు ఏడవొద్దమ్మా" అన్నారు కొందరు. నిజంగా అలా ఉందా అని బైబిల్ తీశాను.

మత్తయి 2 చూడండి. యేసయ్య పుట్టిన కథలోనే, హేరోదు చంపించిన బేత్లెహేము పిల్లలున్నారు. ఓదార్పు వద్దన్న రాహేలు ఏడుపును మత్తయి అక్కడే గుర్తు చేస్తాడు. యోహాను 11లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసయ్య ఏడ్చారు. 1 థెస్సలొనీకయులకు 4:13లో పౌలు దుఃఖమే వద్దనలేదు, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దన్నాడు. అంటే కన్నీళ్ళు అవిశ్వాసం కాదు.

మీ పక్కింట్లో అలాంటివాళ్ళుంటే, వాక్యం చెప్పేముందు కాసేపు పక్కన కూర్చోండి.

ఈసారి అమ్మే స్టార్ బయటికి తీసింది. ఏడుస్తూనే ఇద్దరం కట్టాం.