బరువు తగ్గాలంటే పస్తులుండాలా?

అక్కర్లేదు. పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం గుప్పెడన్నంతో సరిపెట్టుకుని, సాయంత్రానికి ఆకలికి తాళలేక జంతికల డబ్బా ఖాళీ చేసేవారు మా ఆసుపత్రికి చాలామందే వస్తుంటారు. ఇది మనోనిబ్బరం లేకపోవడం కాదు. తిండి తగ్గి బరువు తగ్గేకొద్దీ, జీర్ణాశయంలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి ఆకలిని రెచ్చగొడుతుంది. అది శరీర ధర్మం.

కనుక తగ్గించవలసింది కేలరీలనే గాని, కడుపు నింపే పదార్థాన్ని కాదు. గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, గ్రాము మాంసకృత్తులలో 4 మాత్రమే. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. నూరు గ్రాముల అన్నంలో ఉండేవీ ఇంచుమించు అన్నే! కాబట్టి వేపుళ్లు తగ్గించండి. అన్నం సగం చేసి, ఆ చోటు సొరకాయ, బీరకాయ, ఆకుకూరలతో నింపండి. వాటిలో నీరు, పీచు ఎక్కువ, కేలరీలు తక్కువ. ప్రతి పూటా పప్పు, గుడ్డు, చేప, పెరుగు వీటిలో ఏదో ఒకటి ఉండాలి. మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి. సాయంత్రం ఆకలేస్తే పల్చటి మజ్జిగ, గుప్పెడు ఉడికిన శనగలు తీసుకోండి. నెమ్మదిగా నమిలి తినండి.

రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే మొదట్లో వారానికి సుమారు అరకిలో తగ్గవచ్చు. అంతకు మించి తొందరపడకండి.

ఒక్క హెచ్చరిక. మధుమేహానికి ఇన్సులిన్‌గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలుగాని వాడేవారు ఏ పూటా భోజనం మానకూడదు. రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు, ప్రాణానికే ముప్పు. తిండి తగ్గించే ముందే మందు మోతాదు గురించి మీ డాక్టరును అడగండి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు సొంతంగా ఈ ప్రయత్నం చేయరాదు.