పిడికెడు బియ్యం, ఒక దరఖాస్తు: కామారెడ్డి, ఎల్లారెడ్డి దళితవాడల్లో రోగం, ఆదరణ

దళిత క్రైస్తవం గురించి మనకు అలవాటైన చర్చ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మతం మారితే కులం పోతుందా? మారినవాళ్లకు రిజర్వేషన్ ఉండాలా, వద్దా? రెండూ అవసరమైన ప్రశ్నలే. కానీ కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల వాడల్లో ఆదివారం రేకుల షెడ్డు కింద కూడే జనం ఈ ప్రశ్నలతో అక్కడికి రాలేదు. ఇంట్ల పానం బాగలేనప్పుడు ఎవరు తలుపు తట్టిన్రు అన్నదే వాళ్ల లెక్క. మేధావులు దీన్ని 'ప్రలోభం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఆదరణ ఎట్లా నడుస్తుంది, ఎంతవరకు నిలబడుతుంది, ఎక్కడ చతికిలబడుతుంది అన్నది మాత్రం ఎవరూ వివరంగా చూడరు. ఈ వ్యాసం ఆ పని చేస్తుంది.

రోగం ఇంట్లో ఏం చేస్తుంది?

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త కూలి, భార్య బీడీలు చుడుతది. భర్త మంచాన పడితే ఒక కూలి ఆగుతుంది. అతన్ని దవాఖానకు తీసుకుపోయే భార్య బీడీల చేట పక్కన పెడుతుంది. అంటే ఒక్క రోగం రెండు సంపాదనలను ఒకేసారి ఆపుతుంది. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ, తర్వాత కామారెడ్డిలో ప్రైవేటు నర్సింగ్ హోం, తర్వాత నిజామాబాదో హైదరాబాదో. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే ఏడాదికి 36 వేలు మిత్తికే పోతాయి. అసలు అట్లాగే ఉంటుంది. ఆ అప్పు తీర్చడానికి కొడుకు చదువు మానుతాడు, లేదా గల్ఫ్ ఏజెంటు చుట్టూ తిరుగుతాడు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ల భారాన్ని చాలావరకు తగ్గించింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. 2023లోనే కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే పోయిన కూలి, ఇంటికాడ పిల్లల కూడు, డిశ్చార్జ్ అయినాక నెలల తరబడి పని చేయలేని కాలం ఏ కార్డు లెక్కలోకీ రావు. వాడలోని చిన్న సంఘం పనికొచ్చేది సరిగ్గా ఈ ఖాళీలోనే.

పిడికెడు బియ్యం లెక్క

తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాత అలవాటు ఒకటుంది. అన్నం వండేటప్పుడల్లా ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం దాన్ని గుడికి తెస్తుంది. పిడికెడు యాభై గ్రాములనుకుంటే, రెండు పూటలకు నూరు గ్రాములు, నెలకు మూడు కిలోలు. ఇరవై ఇళ్లుంటే అరవై కిలోలు. రేషన్ బియ్యం మనిషికి ఆరు కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి వచ్చేది ఇరవై నాలుగు. అంటే ఇరవై పేద ఇళ్లు కలిస్తే తమలాంటి రెండు ఇళ్లకు పైగా నెల గ్రాసం తీయగలవు. ఇది ఉన్నవాడు లేనివాడికి పెట్టే దానం కాదు. ఈ నెల పెట్టిన ఇల్లు వచ్చే ఏడు తీసుకునే ఇల్లు కావచ్చు.

బియ్యం కన్నా విలువైనది ఒళ్లు వంచి చేసే సాయం. దవాఖానలో రాత్రి పడుకునే తోడు, పిల్లలకు అన్నం పెట్టే పక్కింటి పెద్దమ్మ, బస్సు కిరాయి. ఇవి క్రైస్తవులు కనిపెట్టినవి కావు. వాడలో ముందునుంచీ ఉన్నవే. సంఘం వాటికి ఒక వారం, ఒక వంతు, అడిగే మనిషిని ఏర్పాటు చేసింది.

ముట్టుకోవడం అనే చరిత్ర

పాస్టరో, సంఘ స్త్రీలో వచ్చి రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడాన్ని మూఢనమ్మకంగా మాత్రమే చూస్తే మనం ఒక సంగతి మరిచిపోయినట్టే. అంటరానివాళ్లుగా బతికిన జనానికి ఆ చెయ్యి ఊరికే చెయ్యి కాదు. కామారెడ్డి 2016 అక్టోబర్ 11న జిల్లా అయ్యేదాకా నిజామాబాద్ జిల్లాలోదే. ఆ జిల్లాలోని డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. దానికి నిజామాబాద్ ధనికుడు నర్సాగౌడ్ విరాళమిచ్చాడు. అదే మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి, కరువు రోజుల్లో వేలమందికి పని చూపి కూడు పెట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుంది. మిషనరీలను దేవుళ్లను చేయనక్కర్లేదు. వలస పాలన నీడ వాళ్ల మీదా ఉంది. కానీ మన తాతలు వాళ్ల దగ్గరికి ఎందుకు నడిచిపోయారో ఈ చరిత్ర చెబుతుంది.

ఆ ఆవరణలు తర్వాత కూడా పనికొచ్చాయి. 1985 జూలై 17న కారంచేడులో నరమేధం జరిగితే మాదిగలు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరు మాలలకు తెనాలి సాల్వేషన్ ఆర్మీ ఆవరణ నీడైంది. ఆదరణ అక్కడ ఆగిపోలేదు, ఉద్యమానికి శిబిరమైంది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన తేడా.

ఎక్కడ బెడిసికొడుతుంది?

మొదటిది, ప్రార్థనను మందుకు బదులు పెట్టడం. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గితే 'స్వస్థత' అని గోళీలు మానేసినవాడికి రోగం మొండిదై తిరిగొస్తుంది. ఇంటిల్లిపాదికీ సోకుతుంది. ప్రార్థన చేసే నోరే 'గోళీలు మానకు' అని కూడా చెప్పాలి.

రెండవది, పాస్టర్ ఇల్లు. పెద్ద డయాసిస్‌ల జీతాలు లేని స్వతంత్ర సంఘాల్లో పాస్టరూ వాడ మనిషే, చాలాచోట్ల కూలి మనిషే. అందరి ఇళ్లకూ పోయే ఆయన ఇంట్లో రోగం వస్తే చెప్పుకోవడానికి నామోషీ. 'దేవుని సేవకునికే ఇట్లయితే' అన్న మాట పడాల్సొస్తదని భయం. ఆయన భార్య భారం ఇంకా ఎక్కువ. ఆమె సేవకు పేరుండదు, లెక్కుండదు.

మూడవది, పెట్టిన చెయ్యికి తల వంచాల్సి రావడం. బయటి దాతల కోసం రోగి ఫొటో తీసే పద్ధతి సాయాన్ని సరుకు చేస్తుంది. గుడికి రాని ఇల్లు ఆకలితో ఉంటే పిడికెడు బియ్యం అటు పోదంటే, వాడ రెండుగా చీలినట్టే.

కాగితం భయం

అన్నిటికన్నా లోతైన చిక్కు ఇది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన దగ్గర వాళ్లకు బీసీ-సి కింద ఒక శాతం ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ వేసిన కేసులో మతం మారినవారికి అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. వాడలో కులం మారలేదు, కాగితంలో మారింది. అందుకే జనం రెండు పేర్లతో బతుకుతారు. ఆఫీసుకు పోతే చర్చి సంగతి బయటపడుతుందని జంకుతారు.

ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. రేషన్ కార్డుకు, ఆరోగ్యశ్రీకి, వృద్ధాప్య, వితంతు, బీడీ కార్మిక పింఛన్లకు, క్షయ రోగికి పోషణ కోసం 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలకు పెరిగిన సాయానికి మతంతో పనిలేదు, ఎస్సీ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. భయం వల్ల ఇవి వదులుకుంటే నష్టం మనదే.

కాబట్టి సంఘంలో బియ్యం కుండ పక్కన ఒక నోట్‌బుక్ ఉండాలి. ఎవరికి రోగం, ఏ దవాఖాన, ఏ కాగితం ఆగింది, ఎవరు తోడు పోతారు, అన్నీ రాయాలి. చదువుకున్న మన పిల్లలు ఆదివారం ఒక గంట ఆ పని చేయొచ్చు. గుడికి పోనివాళ్ల పేర్లూ అందులో ఉండాలి. పిడికెడు బియ్యం ఈ పూట ఆకలి తీరుస్తుంది. దరఖాస్తు రేపటి ఇంటిని నిలబెడుతుంది. దయ పేరుతో హక్కును మరిపించే సంఘాన్నీ, హక్కు పేరుతో పక్కింటి ఆకలిని చూడని ఉద్యమాన్నీ ఒకే గట్టిగా ప్రశ్నించాల్సింది మనమే.