తెరమీద కనబడనిది

సినిమా చూసి హాలు బయటికి వచ్చిన ప్రేక్షకుడి అభిప్రాయం సాధారణంగా రెండు మూడు మాటల్లో తేలిపోతుంది: బాగుంది, పర్వాలేదు, మొదటి సగం బాగుంది గాని రెండో సగం సాగదీశారు. ఇవి నిజాయితీ గల తీర్పులే. అయితే సినిమాను ఇష్టపడి, ఒకే చిత్రాన్ని ఏళ్ల తరబడి మళ్ళీ మళ్ళీ చూసే అభిమాని అక్కడితో ఆగడు; ఏ చిత్రం ఎందుకు నిలిచింది, ఏది ఎందుకు వెలవెలబోయింది అని తరచి చూసుకుంటూ, తెలిసో తెలియకో తనకంటూ ఒక కొలబద్దను ఏర్పరచుకుంటాడు. కొందరికి అది నటన, కొందరికి సంగీతం, మరికొందరికి కథలోని బిగువు. తెలుగు చిత్రాలను దగ్గరగా చూసినకొద్దీ ఈ మూడింటికంటే నమ్మకమైన కొలబద్ద ఇంకొకటి కనిపిస్తుంది: దర్శకుడు తెరమీద ఏం చూపించాడన్నది ఎంత ముఖ్యమో, చూపించగలిగి ఉండీ దేన్ని ప్రేక్షకుడి ఊహకు వదిలిపెట్టాడన్నది అంతకంటే ముఖ్యం.

ఈ ఆలోచన మన సాహిత్యానికి కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు రాసిన ‘ధ్వన్యాలోకం’ ఈ విషయం మీదే నిలబడింది. మాట నేరుగా చెప్పే అర్థాన్ని వాచ్యార్థమనీ, ఆ మాట నేరుగా చెప్పకుండా సహృదయుడి మనసులో మేల్కొలిపే అర్థాన్ని వ్యంగ్యార్థమనీ ఆలంకారికులు విడదీశారు. ఈ రెండో అర్థం ప్రధానమై ప్రకాశించడాన్నే ధ్వని అన్నారు. ఇక్కడ వ్యంగ్యమంటే వెటకారం కాదు, సూచన. కవి మాటతో చేసే ఈ పనిని సినిమా దృశ్యంతోనూ శబ్దంతోనూ చేయగలదు. సత్యజిత్ రాయ్ 1955 నాటి ‘పథేర్ పాంచాలి’లో, కూతురు దుర్గ చనిపోయిందని తెలియని తండ్రి ఊరినుంచి వచ్చి ఆమెకోసం తెచ్చిన చీరను భార్య చేతికిస్తాడు. తల్లి భోరుమంటుంది, కాని ఆమె గొంతు ప్రేక్షకుడికి వినబడదు. దాని స్థానంలో తార్ షెహనాయి అనే వాద్యం పలుకుతుంది. ఏడుపు వినిపించి ఉంటే అది ఒక తల్లి ఏడుపుగానే ఉండిపోయేది. వినిపించకపోవడం వల్ల హాల్లో ప్రతి ప్రేక్షకుడూ తనకు తెలిసిన దుఃఖాన్ని అక్కడ నింపుకుంటాడు.

తెలుగులో ఈ సంయమనానికి తొలి గొప్ప ఉదాహరణ బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ‘మల్లీశ్వరి’. వానకు తలదాచుకున్న చోట బావామరదళ్లు నాగరాజు, మల్లి ఆటపాటల్లో ఉండగా, మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అక్కడికే వస్తారు. ఎదుట ఉన్నది రాజని తెలియని నాగరాజు, మరదలికి రాణివాసపు పల్లకీ పంపించమని హాస్యానికి అడుగుతాడు. కొన్నాళ్లకు ఆ పల్లకీ నిజంగానే ఇంటిముందుకు వస్తుంది. ఈ కథలో దుర్మార్గుడంటూ ఎవడూ లేడు. రాయలు మల్లిమీద మోహంతో పల్లకీ పంపలేదు; ఎవరో కుర్రవాడు సరదాకు కోరిన కోరికను మాట తప్పకుండా తీర్చాడు, అంతే. ఆ ఉదారతే ఇద్దరి బతుకులనూ విడదీసింది. మరో దర్శకుడైతే రాజుచేత ఒక్క చెడ్డ చూపైనా చూపించి ప్రేక్షకుడి కోపానికి ఒక లక్ష్యం కల్పించేవాడేమో. బి.ఎన్. రెడ్డి ఆ అవకాశాన్ని వదులుకున్నారు. తొలిసారి సినిమాకు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు కూడా అదే పద్ధతిని పాటించాయి. పాత్రలు తమ బాధను వివరించుకోవు. చివర రాయలు ఇద్దరినీ క్షమించడం మాత్రం, అంతదాకా ఊపిరాడనివ్వని కథకు కాస్త సుళువుగా దొరికిన విడుదలగా తోస్తుంది. అయినా పల్లకీ వచ్చిన ఘట్టం చేసిన గాయాన్ని ఆ క్షమ మాన్పలేదు. సినిమా గుర్తున్నవారికి మొదట గుర్తొచ్చేది ఆ పల్లకీయే.

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది. విజయా సంస్థకు కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసిందేమీ లేదని అనిపించవచ్చు. కాని మహాభారతానికి సంబంధించిన ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనబడరన్న సంగతి, ఎన్నోసార్లు చూసినవారిలో కూడా చాలామంది ఎవరో చెప్పేదాకా గమనించరు. అయిదుగురిలో ఒక్కడూ లేడు. వారి జూదం, వారి ఓటమి, వారి అరణ్యవాసం ఇతరుల మాటల్లోనే తెలుస్తాయి. కథ మాత్రం వారి ఇళ్లలోని ఆడవాళ్ల చుట్టూ, పిల్లల చుట్టూ, చుట్టాల చుట్టూ తిరుగుతుంది. పాండవులను తెరమీదికి తెచ్చి ఉంటే చూపు మొత్తం ధర్మరాజు మీదికి, భీముడి మీదికి మళ్ళి, బలరాముడి కూతురు శశిరేఖ పెళ్ళి ఒక ఉపకథగా కుంచించుకుపోయేది. తేకపోవడం వల్ల, చితికిన కుటుంబంతో ఆడిన మాట తప్పి కలిగినవారితో వియ్యమందుకోబోయే పెద్దల కథగా అది మారింది. ద్వాపరయుగపు రాజుల కథలో ప్రేక్షకుడు తన ఇంటి పెళ్ళిమాటలను పోల్చుకోగలిగాడంటే కారణం ఈ ఎంపికే.

అదే చిత్రంలో సావిత్రి నటన ఈ కొలబద్దకు మరింత మంచి ఉదాహరణ. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి ద్వారకలో శశిరేఖ స్థానంలోకి చేరిన తరువాత, ఆ పాత్ర వేసిన ఎస్.వి. రంగారావు తెరమీద చాలావరకు కనిపించరు. ఆ పనంతా సావిత్రి శరీరమే చేయాలి. పెళ్ళికూతురి అలంకారంలోనే ఆమె నడకలో ఒక బరువు వస్తుంది, భుజాలు విరుచుకుంటాయి, చూపు తీరు మారుతుంది. ఎవరైనా వస్తున్నట్టు తెలియగానే సిగ్గు, వయ్యారం తిరిగి వచ్చేస్తాయి. ఆమె ఇక్కడ అనుకరిస్తున్నది రాక్షసుడిని కాదు, అంతకుముందు ప్రేక్షకుడు చూసి ఉన్న రంగారావు రాక్షసుడిని. మగవాడిని ఆడది అభినయించడం నాటకరంగానికి తెలిసిన విద్యే. ఆడదానిగా నటిస్తున్న ఒకానొక మగవాడిని, అతని రూపం చూపకుండా, ఒక నటి అభినయించడం అరుదు. పెళ్ళిపీటల మీద రేలంగి వేసిన లక్ష్మణకుమారుడి కాలిని మాయాశశిరేఖ కాలు తొక్కేటప్పుడు, చీర కుచ్చిళ్ల చాటున ఉన్నది ఎవరో పిల్లలకు కూడా తెలుసు. ప్రేక్షకుడికి తెలిసినదానికీ లక్ష్మణకుమారుడికి తెలియనిదానికీ మధ్య ఉన్న దూరంలోంచే ఆ నవ్వంతా పుట్టింది.

ఈ చిత్రానికి ఛాయాగ్రాహకుడు, అంటే కెమెరా పని చూసిన కళాకారుడు, మార్కస్ బార్‌ట్లీ. నౌకావిహారం పాటలో ఆయన సృష్టించిన వెన్నెలను నలుపు తెలుపుల్లోనే చూడాలన్నది ఈ వ్యాసపు పట్టుదల. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది విడుదల చేశారు, ఆ శ్రమను చులకన చేయడానికి వీల్లేదు, ఒక కొత్త తరాన్ని ఆ సినిమా దగ్గరికి అది చేర్చింది కూడా. కాని బార్‌ట్లీ బూడిదరంగులోని రకరకాల ఛాయలతో నీటిని, మొహాలను, ఆకాశాన్ని ఒకే కాంతిలో ముంచారు. ఏ చీర ఏ రంగుదో తెలియకపోవడం ఆ పాటలో లోటు కాదు, నిజమైన వెన్నెల్లోనూ రంగులు తెలియవు. రంగు వేయగానే చూపు నగల మీదికీ పట్టుబట్టల మీదికీ పోతుంది. అభిమన్యుడు, శశిరేఖల తరువాత శ్రీకృష్ణుడు, రుక్మిణి, ఆ వెనుక బలరాముడు, రేవతి కూడా ఆ వెన్నెలకే లొంగిపోవడం పాటలోని చమత్కారం. ఆ చమత్కారానికి వెన్నెల ముఖ్యం, వస్త్రాలు కావు.

చూపించడంలో ఇలాంటి పొదుపు పాటించిన సినిమాలు కూడా కొన్నిచోట్ల దాన్ని మరిచిపోతాయి. కె. విశ్వనాథ్ 1980లో అందించిన ‘శంకరాభరణం’ అందుకు తగిన ఉదాహరణ. పేరున్న కథానాయకుడు లేకుండా, నడివయసు దాటిన సంగీత విద్వాంసుడిని కేంద్రంలో నిలిపి, జె.వి. సోమయాజులు ముఖాన్ని నమ్ముకుని తీసిన ఈ చిత్రానికి మొదట్లో జనం పలుచగా వచ్చినా, చూసినవారి నోటిమాట దాన్ని నిలబెట్టింది. జాతీయ పురస్కారాలూ వచ్చాయి. ఆ విద్వాంసుడు శంకరశాస్త్రికీ తులసికీ మధ్య ఉన్న బంధానికి సినిమా పేరు పెట్టలేదు. మంజుభార్గవి పోషించిన తులసి చాలా తక్కువ మాట్లాడుతుంది. ఊరు ఆ బంధానికి తనకు తోచిన పేరు పెట్టి నిందిస్తుంది. భక్తి, గురుభావం, ఆరాధన, ప్రేమ అన్నవాటిలో ఏదని తేల్చే భారాన్ని దర్శకుడు ప్రేక్షకుడికే వదిలారు. చిత్రంలోకెల్లా ఉత్తమమైన నిర్ణయం అదే. ఇందుకు పూర్తి విరుద్ధంగా, పాశ్చాత్య బాణీల మోజులో ఉన్న కుర్రకారుకు శాస్త్రి రాత్రిపూట బుద్ధి చెప్పే సన్నివేశంలో అంతా వాచ్యమే. ఎదుటి సంగీతాన్ని వెకిలిగా చూపించి, దానిమీద మన సంగీతాన్ని గెలిపించారు. హాల్లో చప్పట్లు పడే చోటు అదేనన్నది నిజం. కాని కె.వి. మహదేవన్ బాణీలు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గానం సినిమా అంతటా చేస్తున్న పనికి ఆ ఉపన్యాసం సాయం అక్కరలేదు. సంప్రదాయ సంగీతం గొప్పదని పాట నిరూపించాక మళ్ళీ పాత్రచేత చెప్పించడం ఆ పాటమీద అపనమ్మకమే అవుతుంది.

మాటనే పూర్తిగా మానేసిన చిత్రం సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’. 1987 నాటి ఈ సినిమాలో సంభాషణలు లేవు, కాని ఇది మూకీ కాదు. మూకీ అంటే శబ్దం నమోదు చేసే సాంకేతికత ఇంకా రాని కాలపు చిత్రం. ‘పుష్పక విమానం’లో వీధి రొద, తలుపుల చప్పుడు, వాహనాల మోత అన్నీ వినిపిస్తాయి, మనుషుల మాట ఒక్కటే ఉండదు. కమల్‌హాసన్ వేసిన నిరుద్యోగి ఒక సినిమా హాలు పక్కనున్న ఇరుకు గదిలో, రోజూ ఆ హాలునుంచి వచ్చే ఫైటింగుల హోరు మధ్య నిద్రపోవడానికి అలవాటు పడ్డవాడు. ఒక ధనవంతుడి స్థానంలో పెద్ద హోటల్లోకి చేరాక అక్కడి నిశ్శబ్దంలో అతనికి కునుకు పట్టదు. చివరికి తన పాత గది దగ్గరికి వెళ్ళి ఆ హోరును టేపురికార్డరులో ఎక్కించుకుని వచ్చి, మెత్తటి పరుపు పక్కన పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం మనిషి ఒంట్లోకి ఎంత లోతుగా ఇంకుతుందో చెప్పడానికి పేజీల కొద్దీ సంభాషణ రాయవచ్చు. ఇక్కడ ఒక యంత్రం, ఒక పరుపు సరిపోయాయి. పైగా ప్రేక్షకుడు నవ్వుతాడు, నవ్వుతూనే అర్థం చేసుకుంటాడు.

చూపించకపోవడమనే పద్ధతిలో రెండు రకాలున్నాయని ఇక్కడ విడదీసి చెప్పుకోవాలి. ఒకటి కథలోని రహస్యాన్ని దాచడం: హంతకుడెవరో చివరిదాకా చెప్పకపోవడం వంటిది. ఇది మొదటిసారి చూసినప్పుడే పనిచేస్తుంది. గుట్టు తెలిశాక ఆ సినిమాలో వేరే బలం లేకపోతే మళ్ళీ చూడాలనిపించదు. రెండోది భావాన్ని సూచనగా వదలడం. ఇది చూసినకొద్దీ పెరుగుతుంది. వెంకటేష్ మహా 2018లో తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఈ రెండింటినీ కలిపిన చిత్రం. విశాఖపట్నంలోని ఆ ప్రాంతంలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీసిన ఈ సినిమా నాలుగు ప్రేమకథల మధ్య ఉన్న సంబంధాన్ని చివరిదాకా బయటపెట్టదు. ఆ ముడి విడిపోవడం అందరినీ ఆశ్చర్యపరిచింది. అయితే రెండోసారి చూసినప్పుడు, ముడి తెలిసి ఉండి కూడా సినిమా తేలిపోలేదంటే, కులమతాలు ఎవరి మనసుకు ఎక్కడ అడ్డుపడ్డాయో ఉపన్యాసం లేకుండా చూపించగలగడం వల్లనే.

ఇంతవరకు చెప్పిన కొలబద్ద అన్ని సినిమాలకూ సరిపోదు. ‘శంకరాభరణం’ వచ్చిన 1980లోనే గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ విడుదలైంది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఈ చిత్రం, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, నిజాం పాలనలోని తెలంగాణ పల్లెను, అక్కడి వెట్టిచాకిరీని తెరమీదికి తెచ్చింది. వెట్టి అంటే కూలి లేకుండా దొర గడీకి, అంటే భూస్వామి కోటలాంటి ఇంటికి, చేయవలసిన నిర్బంధ శ్రమ. సాయిచంద్ వేసిన రామయ్య ఆ బతుకులోంచి హైదరాబాదు చేరి, కార్మికుల మధ్య రాజకీయం నేర్చి, సాయుధ పోరాటంలోకి వస్తాడు. ప్రజాగాయకుడు గద్దర్ తెరమీద కనిపించి పాట ఎత్తుకుంటాడు. ఈ సినిమా చాలాచోట్ల నేరుగా మాట్లాడుతుంది, నినాదం వినిపిస్తుంది, దొర దౌర్జన్యాన్ని కళ్ళముందు పెడుతుంది. దీన్ని సూచన తక్కువైన చిత్రమని తగ్గించి చూడడం అన్యాయం. ‘మాయాబజార్’లో పాండవులను చూపకపోయినా వారెవరో ప్రేక్షకుడికి పుట్టుకనుంచీ తెలుసు, ‘మల్లీశ్వరి’లోని శ్రీకృష్ణదేవరాయలూ తెలుసు. తెలిసినదాన్నే సూచనగా వదలగలం. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు, అతని యాస, అతని గొంగడి అంతవరకు తెలుగు తెరమీద అంత దగ్గరగా కనిపించలేదు గనుక, ‘మా భూమి’ ముందుగా అతన్ని చూపించవలసి వచ్చింది.