ఉద్యోగార్థులకు రిఫరెన్సుల ఎంపిక – పాటించవలసిన జాగ్రత్తలు
(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు: ఉద్యోగ దరఖాస్తులో విద్యార్హతలు, అనుభవం వంటి గడులను శ్రద్ధగా నింపే అభ్యర్థులు చివరనున్న "రిఫరెన్సులు" అనే గడి వద్ద తడబడటం సర్వసాధారణం. జిల్లా పశ్చిమ ప్రాంతంలోని సి.బెళగల్ వంటి మండలాలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి రాష్ట్ర అక్షరాస్యత 67 శాతం కాగా, కర్నూలు జిల్లాలో అది సుమారు 60 శాతం మాత్రమే. కుటుంబంలో తొలిసారిగా పట్టా పొందిన యువతకు కార్యాలయాలలో పరిచయస్థులు ఉండరు. తత్ఫలితంగా దగ్గరి బంధువు పేరో, ముఖపరిచయం మాత్రమే ఉన్న నాయకుని పేరో రాసి, విచారణ దశలో చిక్కుల్లో పడుతుంటారు.

సిఫారసు వేరు – రిఫరెన్సు వేరు

ఉద్యోగం ఇవ్వవలసిందిగా కోరడం సిఫారసు. అభ్యర్థి పనితీరు, నడవడికల గురించి అడిగినపుడు తెలిసిన నిజం చెప్పడం రిఫరెన్సు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నియామకాలలో పైరవీకి పాల్పడటం అనర్హతకు కారణమవుతుంది. కనుక పలుకుబడి గలవారికంటే అభ్యర్థిని దగ్గరగా ఎరిగినవారే రిఫరెన్సుకు తగినవారు.

ప్రభుత్వ ఉద్యోగాలలో

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనవారు పూర్తి చేయవలసిన ధ్రువీకరణ పత్రంలో తమ ప్రాంతానికి చెందిన ఇద్దరు బాధ్యతాయుత వ్యక్తుల పేర్లు గాని, తమను ఎరిగిన ఇద్దరి వివరాలు గాని ఇవ్వవలసి ఉంటుంది. గడచిన ఐదేళ్లలో ఒక సంవత్సరానికి మించి ఏకధాటిగా నివసించిన ప్రదేశాలన్నింటినీ తెలుపవలెను. బతుకుతెరువుకై బెంగళూరులోనో, హైదరాబాదులోనో రెండేళ్లు ఉండి వచ్చిన యువకుడు స్వగ్రామం చిరునామా ఒక్కటే రాసినచో వివరాలు అసంపూర్ణమవుతాయి.

అరెస్టులు, కేసుల వివరాలను దాచడం మరింత ప్రమాదకరం. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు ప్రకారం అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలి. స్వల్ప స్వభావం గల కేసును దాచిన సందర్భంలో దానిని మన్నించే విచక్షణ నియామకాధికారికి ఉన్నది. నిజం తెలిపినంత మాత్రాన నియామకం హక్కుగా లభించదు. అయినప్పటికీ దాచిన విషయం బయటపడినచో చేతికందిన ఉద్యోగమే పోయే ప్రమాదం కలదు.

ఎవరిని ఎంచుకోవాలి

చదువు ముగించినవారికి పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, పాఠం చెప్పిన అధ్యాపకుడు, ప్రాజెక్టు మార్గదర్శి తగినవారు. పనిచేసిన అనుభవం ఉన్నవారు పనిని నేరుగా పర్యవేక్షించిన అధికారిని ఎంచుకోవడం మేలు. ఆదోని జిన్నింగు మిల్లుల్లోనో, ఎమ్మిగనూరు చేనేత రంగంలోనో లెక్కలు రాసిన యువతకు అక్కడి యజమాని లేదా మేనేజరు మాటే విలువైనది. పని మానే రోజుననే చేరిన తేదీ, విడిచిన తేదీ, చేసిన పని పేర్కొంటూ అనుభవ పత్రం తీసుకోవలెను. ఏళ్లు గడచిన తరువాత వెదకుట కష్టం. బంధువుల పేర్లు ఇవ్వరాదు.

ముందుగా చేయవలసినవి

* పేరు ఇచ్చే ముందు సదరు వ్యక్తి అనుమతి తప్పక పొందవలెను. ఆయన సంకోచించినచో మరొకరిని ఆశ్రయించడం మంచిది.
* దరఖాస్తు ప్రతిని, ఉద్యోగ వివరాలను ఆయనకు అందజేయవలెను. దరఖాస్తులోని తేదీలకు, ఆయన చెప్పే తేదీలకు తేడా వచ్చినచో అనుమానాలకు తావిచ్చినట్లవుతుంది.
* హోదా, ఫోన్ నంబరు, ఈ-మెయిల్ సరిచూసుకోవలెను. బదిలీ లేదా పదవీ విరమణ జరిగి ఉంటే ఆ విషయం స్పష్టంగా రాయవలెను.
* ప్రైవేటు సంస్థల తరఫున విచారణ జరిపేవారు తరచు ఇంగ్లీషులో మాట్లాడతారు. రిఫరెన్సు ఇచ్చేవారికి తెలుగు లేదా కన్నడం మాత్రమే వచ్చినచో ఆ సంగతి సంస్థకు ముందే తెలియజేయవచ్చును.
* ప్రస్తుతం పనిచేస్తున్న చోట విషయం చెప్పకుండా అక్కడి అధికారి పేరు ఇచ్చినచో ఉన్న ఉద్యోగానికే ఇబ్బంది కలుగవచ్చును.
* ఒకరు అందుబాటులో లేకున్నా ఇబ్బంది కలుగకుండా ముగ్గురి వివరాలు సిద్ధంగా ఉంచుకోవలెను. ఫలితం ఏదైనా వారికి తెలిపి కృతజ్ఞతలు చెప్పుట మర్యాద.

అధికారుల పాత్ర

నడవడిక పత్రం కోరి వచ్చిన అభ్యర్థిని పలుమార్లు తిప్పినందువలన గడువు దాటి అవకాశం చేజారవచ్చును. తెలియని వ్యక్తికి మొహమాటంతో సంతకం చేయడమూ అంతే హానికరం. స్వయంగా ఎరిగిన కాలాన్ని, ఎరిగిన విషయాన్ని మాత్రమే ధ్రువీకరించడం సముచితం. పైసా ఖర్చు లేని ఈ సాయం ఒక నిరుపేద కుటుంబంలో తొలి ఉద్యోగానికి దారి తీయగలదు.