ఓడిన రాజు అప్పజెప్పిన చిట్టా

వేసవి సంచికకి వీడియో గేముల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. పిల్లలు ఆడేవి వద్దు, పెద్దవాళ్లు నిద్ర మానుకుని ఆడేవి కావాలని షరతు. గురువారానికల్లా పేజీలు ప్రెస్సుకి వెళ్లిపోవాలి. మూడు రాజ్యాల నాటి చైనా మీద వచ్చిన ఆటలంటే నాకు కాలేజీ రోజుల నుంచీ పిచ్చి కాబట్టి వెంటనే ఒప్పేసుకున్నాను. తీరా పుస్తకాలు తిరగేయడం మొదలెట్టాక ఆట పక్కకి పోయింది. క్రీ.శ. 263లో ఒక రాజ్యం శత్రువు చేతిలో పెట్టిన లెక్కల చిట్టా నన్ను పట్టేసుకుంది.

అందులో ఉన్నది ఇదీ. ఇళ్లు 2,80,000. ఆడా మగా కలిపి జనం 9,40,000. కవచాలు తొడిగిన సైనికులు 1,02,000. ఉద్యోగులు 40,000. బియ్యం 4 లక్షల హు పైచిలుకు. హు అంటే ఆనాటి కొలత, మన లెక్కలో సుమారు 20 లీటర్లు. బంగారం, వెండి చెరో 2,000 జిన్ (అదీ ఆనాటి తూకమే). జరీ నేతలు, రంగుల పట్టు చెరో 2 లక్షల తానులు.

ఆ రాజ్యం పేరు షు, రాజధాని చెంగ్దూ. వెయ్ రాజ్య సేనాని దెంగ్ ఐ మనిషి అలికిడి లేని కొండల్లో 700 లీలకు (ఆనాటి దూరపు కొలత) పైగా దారి చేసుకుంటూ వచ్చాడు. నిటారు వాలు అడ్డొచ్చిన చోట ఒంటికి కంబళి చుట్టుకుని తానే దొర్లుకుంటూ దిగాడు. మియాన్‌జు దగ్గర అడ్డుపడిన షు సేనాని జూగె జాన్ యుద్ధంలో పోయాడు. ఇక చక్రవర్తి లియు షాన్ లొంగుబాటు లేఖతో పాటు లీ హు అనే అధికారి చేత ఈ చిట్టా పంపించాడు. వాంగ్ యిన్ గ్రంథంలోని ఈ లెక్కని పెయ్ సోంగ్‌జి మూడు రాజ్యాల చరిత్ర మీద 429లో ముగించిన తన వ్యాఖ్యానంలో ఎత్తి రాయబట్టి మనదాకా వచ్చింది.

జపాన్ కంపెనీ కోయ్ తయారుచేసిన మూడు రాజ్యాల ఆట ఆడినవాళ్లు దీన్ని చూడగానే పోల్చుకుంటారు. తెరమీద మన రాజ్యం వివరాలు అడిగితే వచ్చేవీ ఇవే: బంగారం, ధాన్యం, సైన్యం, జనం. తేడా భాగహారం చేస్తే తెలుస్తుంది. షులో మూడిళ్లకి ఒకరి కంటే ఎక్కువే సైన్యంలో ఉన్నారు. ఇరవై నాలుగు మందికి ఒక సర్కారీ ఉద్యోగి. సైనికులూ ఉద్యోగులూ ఆ 9,40,000లో కలిసే ఉన్నారా, వేరేనా అని చరిత్రకారులు వాదించుకుంటారు గానీ, వేరే అనుకున్నా బరువు పెద్దగా తగ్గదు. ఇక బియ్యం. సైనికులకే పంచితే తలకి 80 లీటర్లు. రోజుకి కిలో చొప్పున వండినా రెండు నెలలు దాటదు. గాదెల్లో రెండు నెలల తిండి, కొట్లలో లక్షల తానుల పట్టు!

నేను ఎప్పుడు ఆడినా షు పక్షమే. షు మంత్రి జూగె లియాంగ్ తెలివికి ఆటలో 100కి 100 మార్కులు. అలాంటి మంత్రి చేతిలో ఉండగా ఉత్తరానికి దండెత్తకుండా ఎవరుంటారు? ధాన్యం అంకె తరుగుతుంటే చూసుకుని వెనక్కి రావచ్చు. జనం విధేయత పడిపోతే బియ్యం పంచితే సరి, వెంటనే పెరుగుతుంది. అసలు అనుమానం నాకు ఇక్కడే. ఆటలో ధాన్యం అంకె అబద్ధం ఆడదు. 231లో నిజం జూగె లియాంగ్ దండయాత్ర మీద ఉండగా వానలు పట్టుకున్నాయి, సరఫరా ఆగింది. సరఫరా చూడాల్సిన లీ యెన్ వెనక్కి రమ్మని కబురు పంపించాడు. తీరా సైన్యం తిరిగొస్తుంటే, "తిండి సరిపడా ఉందిగా, ఎందుకు వచ్చేస్తున్నారు?" అన్నట్టు ఆశ్చర్యపోయాడు. జూగె లియాంగ్ అతని సొంత దస్తూరీలో ఉన్న ఉత్తరాలన్నీ బయటపెట్టాక పదవి ఊడింది. ఇలాంటి మనిషిని ఏ ఆటలోనూ సరిగ్గా పెట్టలేదు. పెడితే ఆడేవాడు కంప్యూటర్ పగలగొడతాడేమో.

లియు షాన్‌కి మాత్రం ఆటలో దాదాపు అన్నిట్లోనూ అట్టడుగు మార్కులే. 223 నుంచి 40 ఏళ్లు గద్దె మీద నిలిచినవాడికి ఇది దారుణం. లొంగడం నచ్చని సొంత కొడుకు లియు చెన్ భార్యాపిల్లల్ని చంపి, తనూ చచ్చిపోయాడు. ఆ కోపాన్ని తప్పు పట్టలేను. కానీ ఆ చిట్టా చూశాక ఇంకో ఏడాది యుద్ధం చేయమని ఆ రాజుకి ఎవరు చెప్పగలరు?

చరిత్ర గబగబా చెప్పేస్తాను, చోటు లేదు. 184లో పసుపు తలపాగాల తిరుగుబాటు, 208లో ఎర్ర కొండల యుద్ధం, 220లో హాన్ వంశం అంతం, ఆపైన వెయ్, షు, వూ అని మూడు ముక్కలు, 280లో జిన్ వంశం కింద మళ్లీ ఒకటి. హాన్ పాలనలో 157లో పట్టీకెక్కిన జనం 5,64,86,856, 280లో 1,61,63,863. మిగతావాళ్లంతా చచ్చిపోలేదు. చాలామంది భూస్వాముల పంచన చేరి లెక్కకి దొరకలేదు. అందుకే పట్టీ చేతికొస్తే రాజ్యం చేతికొచ్చినట్టు. క్రీ.పూ. 206లో చిన్ రాజధాని షియెన్‌యాంగ్ పట్టుబడినప్పుడు సేనానులు బంగారం మీద పడితే, షియావ్ హె ఒక్కడే చిన్ ప్రభుత్వపు పట్టీలూ పటాలూ భద్రం చేశాడు.

షు చిట్టా అందుకున్న దెంగ్ ఐకి అది అచ్చిరాలేదు. పైవాళ్లని అడక్కుండా పదవులు పంచాడు, రాజద్రోహం అంటగట్టి బండిలో బంధించారు, 264లో చంపేశారు. అదే గొడవలో సైనికులు చెంగ్దూని దోచుకున్నారు.

వూ చిట్టా

280లో వూ కూడా ఇలాగే లెక్క అప్పజెప్పింది. ఇళ్లు 5,23,000, జనం 23 లక్షలు, సైనికులు 2,30,000, ధాన్యం 28 లక్షల హు, పడవలు 5,000 పైన. అంతఃపుర స్త్రీలూ 5,000 పైనే. నిల్వలో ధాన్యం షు కంటే ఏడు రెట్లు!

ఏది ఆడాలి?

కోయ్‌ని యోయిచి, కేకో ఎరికావా దంపతులు 1978లో పెట్టారు. మూడు రాజ్యాల ఆట మొదటి భాగం 1985లో, పద్నాలుగోది 2020లో వచ్చాయి. క్రియేటివ్ అసెంబ్లీ అనే బ్రిటిష్ సంస్థ 2019లో తెచ్చిన 'టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్' 190తో మొదలవుతుంది. అందులో రెండు పద్ధతులు. ఒకదాంట్లో సేనాని ఒక్కడే వందల మందిని ఊచకోత కోస్తాడు, రెండోదాంట్లో మామూలు మనిషిలా అంగరక్షకుల మధ్య ఉంటాడు. నా ఓటు రెండోదానికే. 2021లో దీనికి కొత్త భాగాలు ఆపేస్తున్నామని ప్రకటిస్తే అభిమానులు మండిపడ్డారు. ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్ అయితే ఇది ఈడుస్తుంది. కోయ్ పాత భాగాలతో సర్దుకోండి.