వైద్యుణ్ణి అడగటం అమర్యాద కాదు

ఇంట్లో పెళ్ళి సంబంధం చూడాలంటే మనం ఎన్ని వాకబులు చేస్తాము! ధర్మనిష్ఠ ఎలాంటిది, నడవడిక ఎలాంటిది అని నలుగురిని విచారిస్తాము. ఫ్రిజ్ కొనాలన్నా మూడు దుకాణాలు తిరుగుతాము. కాని కన్నతల్లి ప్రాణాన్ని అప్పగించవలసిన వైద్యుణ్ణి మాత్రం పది నిమిషాల్లో ఎంచుకుంటాము. “పెద్ద హాస్పిటల్ కదా”, “మా ఊరి ఆరెంపీ చెప్పాడు” అన్న మాటలు చాలు మనకు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లి రొమ్ములో గడ్డ ఉన్నట్టు గమనించింది. మగ డాక్టరుకు చూపించటానికి బిడియపడింది. కొడుకులతో చెప్పుకోలేక ఏడెనిమిది నెలలు దాచింది. కోడలు గమనించే సరికి నొప్పి మొదలయింది. కంగారులో ఆరెంపీ చెప్పిన ప్రైవేటు ఆసుపత్రికి పరుగెత్తారు. మొదటి రోజే పరీక్షల చీటీలు కట్టలుగా వచ్చాయి. క్యాన్సర్ నిపుణుడు అక్కడికి వారానికి ఒక్కరోజే వస్తాడని నాలుగు రోజుల తరువాత తెలిసింది. రిపోర్టులు చేతికి రాలేదు. నగరంలో మరో ఆసుపత్రికి వెళితే అన్ని పరీక్షలూ మళ్ళీ చేశారు. ఆమె గాజులు అమ్ముడయ్యాయి. వాటికంటే విలువైన కాలం కూడా చేజారిపోయింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అందుకే ఈ విషయం చెప్పాలనుకున్నాము.

షిఫా ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే. అంతమాత్రాన వైద్యుణ్ణి వెతకటంలో అశ్రద్ధ చేయటం తవక్కుల్ అనిపించుకోదు. గాయపడిన ఒక వ్యక్తి కోసం ఇద్దరు వైద్యులు వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మీలో వైద్యం బాగా తెలిసినవారెవరని విచారించినట్లు ఉల్లేఖనం ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు, సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమని ఆయన సూచించారు. వైద్యం తెలియకుండా చికిత్స చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా హదీసులు తెలుపుతున్నాయి. కనుక అర్హతను విచారించటం వైద్యుణ్ణి అవమానించటం ఎంతమాత్రం కాదు.

మొదట చూడవలసింది చదువు. ఎం.బి.బి.ఎస్. తరువాత ఏ విభాగంలో ఎం.డి. లేక ఎం.ఎస్. చేశారో బోర్డు మీద చూడాలి. వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా చూపాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. యునానీ వైద్యునికైనా బి.యు.ఎం.ఎస్. వంటి గుర్తింపు పొందిన పట్టా, రిజిస్ట్రేషన్ ఉండాలి. రోగిని పంపినందుకు వైద్యులు కమీషన్ ఇచ్చిపుచ్చుకోవటాన్ని అదే నియమావళి నిషేధించింది. కాబట్టి ఫలానా ఆసుపత్రికే వెళ్ళమని ఎవరైనా పట్టుబడితే, ఎందుకని అడగండి.

రెండవది, ఆ నిపుణుడు రోజూ ఉంటాడా, రాత్రివేళ ఎవరు చూస్తారు అన్నది. మూడవది ఖర్చు. చేరేముందే అంచనా రాసి ఇమ్మనండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అయితే మీ జబ్బుకు ఆ ఆసుపత్రిలో అది వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

నాలుగవది కాగితాలు. రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటలలోపు ఇవ్వాలి. మరో వైద్యుని అభిప్రాయం తీసుకోవటం, మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో మనమే నిర్ణయించుకోవటం కూడా రోగి హక్కులేనని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన హక్కుల పత్రం పేర్కొంటోంది.

మన స్త్రీల విషయంలో ఇంకొక మాట. మగ వైద్యుడు పరీక్షించేటప్పుడు పక్కన మరో స్త్రీ ఉండాలని కోరే హక్కు రోగికి ఉందని అదే పత్రం చెబుతోంది. వీలైతే లేడీ డాక్టరును వెతకండి. దొరకనప్పుడు, అవసరం మేరకు మగ వైద్యునికి చూపించుకోవటానికి షరీఅత్ అనుమతిస్తోంది. హయా విశ్వాసంలో భాగమే. అయితే అది జబ్బును దాచిపెట్టమని చెప్పదు.

ప్రమాదం, గుండెనొప్పి వంటి ఆపద సమయంలో ఈ విచారణలన్నింటికీ వ్యవధి ఉండదు. అప్పుడు చికిత్స అందించగల దగ్గరి ఆసుపత్రికే వెళ్ళాలి. ప్రాణం కాపాడటమే వైద్యుని మొదటి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

అందుకే వెతుకులాట ఆరోగ్యంగా ఉన్నప్పుడే జరగాలి. చిన్న జబ్బులకు వెళ్ళినప్పుడే వైద్యుణ్ణి గమనించండి. మన మాట పూర్తిగా వింటున్నాడా? మందు ఎందుకు రాశాడో చెబుతున్నాడా? షుగరు ఉన్న పెద్దవారు రమజాన్ ఉపవాసాల గురించి ముందుగా అడిగితే, మందుల వేళలు, మోతాదు ఓపికగా వివరిస్తున్నాడా? అలాంటి వైద్యుడు దొరికితే విడవకండి. ఇంట్లో ప్రతి ఒక్కరి పేర ఒక ఫైలు పెట్టి, రిపోర్టులన్నీ అందులో భద్రపరచండి.

ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ అమ్మ దగ్గర కాసేపు కూర్చోండి. ఆమె దాచుకున్న బాధ ఏదైనా ఉందేమో, మృదువుగా అడగండి. వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలన్నింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న అదే.