పారవేసే ఆకు ఒంటబట్టాలంటే

ముల్లంగి తరిగే తల్లి దుంప ఉంచుకొని ఆకును మేకకు వేస్తుంది. కాలీఫ్లవర్ ఆకులు, బీరకాయ చెక్కు పెంటకుప్ప మీదికి పోతాయి. ప్రియ పాఠకులారా, మేకకు ఒంటబట్టేది మన బిడ్డకు ఒంటబట్టదా? పడుతుంది. అయితే మేకకున్న ఒక ఏర్పాటు మనకు లేదు.

మేక కడుపులో నాలుగు అరలుంటాయి. పెద్ద అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆకులోని పీచును పులియబెట్టి కరిగిస్తాయి. ఆకులోని ప్రతి కణం చుట్టూ పీచుతో కట్టిన గోడ ఉంటుంది. దానిని కరిగించే రసం మన కడుపులో ఊరదు. కనుక ఆ పని కత్తిపీట, పొయ్యి, పళ్లు చేయాలి. సన్నగా తరిగి, ఉడికించి, బాగా నమిలితేనే ఆ గోడ పగిలి లోపలి సారం బయటపడుతుంది.

బయటపడితే చాలదు. ముల్లంగి ఆకులోని కెరోటిన్ నీటిలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. నూనె తోడైతే పిత్తరసం దానిని అతి సన్నని బిందువులుగా చేసి చిన్నప్రేగు గోడకు చేరుస్తుంది. అక్కడ అది విటమిన్ 'ఏ'గా మారుతుంది. కెరోటిన్ శరీరంలో ఇలా మారుతుందని 1930లో థామస్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరీక్షించి చూపాడు. అయితే ఒక పాలు విటమిన్ కావాలంటే ఆహారంలో సుమారు 12 పాళ్ల కెరోటిన్ ఉండాలి. అందుచేత ఎప్పుడో ఒకనాడు తింటే సరిపోదు. తరచుగా వండాలి, కూరలో చెంచాడు నూనె పడాలి.

ఇది చిన్న విషయం కాదు. విటమిన్ 'ఏ' కొరవడిన బిడ్డకు రేచీకటి వస్తుంది. ముదిరితే కంటిచూపే పోతుంది. మసక చీకటిలో బిడ్డ తడుముకుంటూ నడిస్తే ఆకుకూరతో సరిపెట్టక, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మరసం తోడ్పడుతుంది. భోజనంతోపాటు త్రాగే టీ దానికి అడ్డుపడుతుంది.

ఇక మిగిలిన పీచు? అదీ వృథా కాదు. పెద్దప్రేగులో మనకూ సూక్ష్మజీవులున్నాయి. అవి కొంత పీచును పులియబెట్టగా పుట్టే ఆమ్లాలే ఆ ప్రేగు లోపలి పొరకు ఆహారం. పీచుకు అంటుకొని ఉన్న మరికొన్ని పదార్థాలు కూడా అక్కడే విడివడతాయి. మన పెద్దలు బీరకాయ చెక్కుతో పచ్చడి నూరడం ఊరకే పోలేదు.

ఒక్క హెచ్చరిక. పురుగుమందు కొట్టిన కొద్దిరోజులకే కోసిన ఆకు వాడకండి. ఏ ఆకునైనా రెండు మూడు నీళ్లలో కడగండి. పచ్చబారిన బంగాళాదుంప తొక్కలో విషముంటుంది, ఉడికించినా పోదు. దానిని పారవేయడమే మేలు.

ఈసారి ముల్లంగి తరిగేటప్పుడు లేత ఆకును గిన్నెలో వేయండి. ముదురు ఆకు మేకకు చాలు.